కూడేముందు దిక్కు చూడు నాన్నా

నాన్నా, ఆ పెన్ను ఒక్క నిమిషం కింద పెట్టు. నీ రఫ్ పేజీ చూశాను. మూడు చార్జీలు ఇచ్చారు, రెండు బలాలు కట్టావు, మధ్యలో ప్లస్ పెట్టావు, కింద రెండు గీతలు కొట్టి జవాబు రాసేశావు. బొమ్మ ఏదీ? బాణాలేవీ? నీకు సూత్రం రాదని నేననను. నిద్రలో లేపి అడిగినా కూలుమ్ నియమం తడుముకోకుండా చెబుతావు. గుణకారాల్లో కూడా ఎక్కడా తప్పు పోలేదు. పోయిందల్లా ఆ ప్లస్ దగ్గర. ఏది లాగుతోందో, ఏది నెడుతోందో, ఎటు లాగుతోందో, ఎటు నెడుతోందో చూడకుండానే కూడేశావు.

ఇంటర్ పిల్లలకి ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని నేను. రెండో సంవత్సరంలో వచ్చే ఈ విద్యుదావేశాల చాప్టరు దగ్గర బాగా చదివే పిల్లలే మార్కులు పారేసుకుంటారు. నెమ్మదిగా చేసేవాడికి తన మీద తనకి అంత నమ్మకం ఉండదు, అందుకని బుద్ధిగా బొమ్మ గీసుకుంటాడు. నీకేమో నమ్మకం ఎక్కువ. బొమ్మ మనసులోనే ఉందంటావు. మనసులో ఉన్న బొమ్మలో బాణాలు మన జవాబుకి తగ్గట్టు తిరిగిపోతాయమ్మా, కాగితం మీదవి తిరగవు. అందుకే ఇలా గడపలో కూచోబెట్టుకుని చెబుతున్నా, కూడేముందు దిక్కు చూడు. ఇవాళ ఈ మాట నా నోట చాలాసార్లు వస్తుంది, విసుక్కోకు.

సరే, ముందు ఒకటి చెప్పు. బలం ఎవరి మీద? నవ్వకు, నిజంగానే అడుగుతున్నా. ఏ, బీ, సీ అని మూడు చార్జీలుంటే మూడింటి మీదా మూడు వేరువేరు ఫలిత బలాలుంటాయి. "బీ మీద ఫలిత బలం ఎంత" అని ప్రశ్నలో స్పష్టంగానే ఇస్తారు. నువ్వు చదువుతావు, తలూపుతావు, మూడో లైనుకొచ్చేసరికి ఏ-కీ సీ-కీ మధ్య ఉన్న బలాన్ని కూడా కట్టి అందులో కలిపేస్తావు. ఏ, సీ ఒకదాన్నొకటి నెట్టుకుంటే బీ-కేమిటి? అది ఆ రెండింటి గొడవ. ప్రశ్న చదవగానే ఎవరి మీద అడిగారో ఆ చార్జీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టు. ఆ సున్నాలోంచి బయల్దేరే బాణాలే నీకు కావాలి. మిగతావన్నీ స్థిరంగా తమ చోట ఉన్నాయనుకో, వాటి బాగోగులు నిన్నెవరూ అడగలేదు.

తర్వాత ఒక్కొక్కదానితో విడివిడిగా లెక్క చూసుకోవాలి. ఏ వల్ల బీ మీద ఎంత, సీ వల్ల బీ మీద ఎంత. ఒకటి కట్టేటప్పుడు రెండోది లేనట్టే అనుకోవాలి. పుస్తకంలో దీన్ని అధ్యారోపణ సూత్రం అన్నారు. పేరు బరువుగా ఉంది గానీ సంగతి తేలికే. రెండు చార్జీల మధ్య ఉన్న బలం, పక్కకి మూడోది వచ్చినా మారదు. మన ఇళ్లలో అలా ఉండదు కదా. అత్తా కోడలూ ఇద్దరే ఉన్నప్పుడు ఒకలా మాట్లాడుకుంటారు, ఆడపడుచు గుమ్మం తొక్కిందంటే ఆ మాటే మారిపోతుంది. చార్జీలు మనకంటే నయం. మూడోది వచ్చినా, ముప్ఫయ్యోది వచ్చినా, సరిగ్గా మధ్యలోకొచ్చి నిలబడినా, ఆ రెండింటి లెక్క ఆ రెండింటిదే. ఇంకో సంగతి గమనించు. ఇది కూలుమ్ నియమంలోంచి దానంతటదే పుట్టింది కాదు. రెండింటికి చెప్పిన నియమం మూడింటికీ అలాగే పనిచెయ్యాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. ప్రయోగం చేసి చూస్తే అలా తేలింది, అంతే.

ఇదంతా బిందు ఆవేశాల సంగతి సుమా. ఇనుప గుళ్లలాంటి లోహపు గోళాల్ని దగ్గర దగ్గరగా పెడితే, మూడోదాని రాకతో వాటి ఒంటి మీద చార్జి అటూ ఇటూ జరిగిపోతుంది. అప్పుడు కేంద్రాల మధ్య దూరం తీసుకుని చకచకా కట్టేస్తే జవాబు తప్పుతుంది. సూత్రం చెడిపోయి కాదు, చార్జి ఇప్పుడు మనమనుకున్న చోట లేదు గనక. నీ సిలబస్‌లో ఇంతవరకూ రాదు, తెలిసి ఉంటే మంచిదని చెప్పాను.

ఇప్పుడు నీ లెక్కే చూద్దాం. ఒకే గీత మీద ఎడమ నుంచి కుడికి మూడు చార్జీలు. ఏ ప్లస్ 2 మైక్రో కూలుమ్‌లు, బీ మైనస్ 3, సీ ప్లస్ 4. పక్కపక్క వాటి మధ్య 30 సెంటీమీటర్లు. బీ మీద ఎంత? ఏ వల్ల 0.6 న్యూటన్, సీ వల్ల 1.2 న్యూటన్. ఇంతవరకూ నువ్వూ నేనూ ఒకటే. నువ్వు వెంటనే 1.8 అన్నావు. అసలేం జరుగుతోందో చూడు. ఏ ధనం, బీ ఋణం, కాబట్టి ఏ బీ-ని తన వైపు, అంటే ఎడమకి లాగుతోంది. సీ కూడా ధనమే, అదీ లాగుతోంది, కుడికి. ఎడమకి 0.6, కుడికి 1.2. మిగిలేది కుడికి 0.6. మూడు రెట్ల తేడా వచ్చింది. గుణకారం తప్పి కాదు, రెండు బాణాలు గియ్యడానికి బద్ధకించి.

అదే లెక్కలో సీ మీద ఎంతో చూడు. బీ దాన్ని ఎడమకి 1.2 న్యూటన్లతో లాగుతోంది. ఏ నుంచి సీ-కి దూరం 60 సెంటీమీటర్లు, రెండూ ధనం, కుడికి 0.2 న్యూటన్లతో నెడుతోంది. ఫలితం ఎడమకి 1 న్యూటన్. చాలామంది పిల్లలు ఈ ఏ-ని వదిలేస్తారు. "మధ్యలో బీ అడ్డంగా ఉంది కదా మేడమ్" అంటారు. అడ్డంగా ఉంటే ఏం? ఇందాకే చెప్పుకున్నాం, మధ్యలో ఎవరు నిలబడ్డా ఆ రెండింటి లెక్క మారదు. బిందు ఆవేశం ఏమీ గోడ కాదు.

ఏ మీద ఎంతో కూడా కట్టేద్దాం. బీ దాన్ని కుడికి 0.6తో లాగుతోంది, సీ ఎడమకి 0.2తో నెడుతోంది, ఫలితం కుడికి 0.4. ఇప్పుడు మూడు ఫలితాల్నీ పక్కపక్కన పెట్టు. ఏ మీద కుడికి 0.4, బీ మీద కుడికి 0.6, సీ మీద ఎడమకి 1. కుడికి మొత్తం 1, ఎడమకి మొత్తం 1. కూడితే సున్నా. ఇది కాకతాళీయం కాదు. ఏ బీ-ని ఎంత లాగితే బీ ఏ-ని అంతే లాగుతుంది, ఎదురు దిక్కులో. న్యూటన్ మూడో నియమం. కాబట్టి బయటి బలాలేవీ లేనప్పుడు అన్ని చార్జీల మీది ఫలితాలూ కలిపితే సున్నా రావాల్సిందే. నీ జవాబు సరో కాదో చెప్పడానికి పుస్తకం వెనక పేజీలు తిప్పక్కర్లేదు, నీ దగ్గరే తూకం ఉంది. ఇది అలవాటు చేసుకున్న పిల్లలు చాలా తక్కువమంది. నువ్వు చేసుకో.

ఆ మైనస్ గుర్తు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకుందాం, ఎందుకంటే నీ పేజీలో ఇదే లెక్కని ఇంకోసారి చేస్తూ దానితోనే చిక్కు పడ్డావు. మైనస్ 3ని అలాగే సూత్రంలో పెట్టి, బలం మైనస్ 0.6 అని రాసి, మైనస్ అంటే ఎడమకి అని తీర్మానం చేసుకున్నావు. ఈసారి అదృష్టం బాగుండి అది నిజంగా ఎడమకే అయింది. సీ వల్ల వచ్చిన బలానికి కూడా మైనస్సే వచ్చింది కదా, మరి అది కుడికి కదా! సూత్రంలో రెండు చార్జీల గుణకారానికి మైనస్ వస్తే ఆకర్షణ అని మాత్రమే తెలుస్తుంది. ఎడమా కుడీ, పైనా కిందా దానికి తెలియవు. అవి చార్జీలు ఎక్కడ కూచున్నాయో చూస్తేనే తెలుస్తాయి. అందుకని నా మాట విను. సూత్రంలో చార్జీల విలువలు మాత్రమే పెట్టు, గుర్తులు పెట్టకు. గుర్తుల్ని కంటితో చూసి బాణం గియ్యి. సజాతి అయితే అవతలదానికి దూరంగా, విజాతి అయితే అవతలదాని వైపు. వెక్టార్ రూపంలో యూనిట్ వెక్టార్లతో సహా పద్ధతిగా రాసేవాళ్లు గుర్తులు కూడా పెట్టచ్చు, అందులో తప్పులేదు. నువ్వు సగం ఆ పద్ధతీ సగం ఈ పద్ధతీ కలిపి చేస్తున్నావు, తంటా అక్కడే.

సెంటీమీటర్ల గురించి ఎక్కువ చెప్పను, నీకు తెలిసిందే. 30 సెంటీమీటర్లంటే 0.3 మీటర్లు, దాని వర్గం 0.09. తొందరలో 900 రాస్తే జవాబు పదివేల రెట్లు తగ్గిపోతుంది. మైక్రో అంటే 10⁻⁶, నానో అంటే 10⁻⁹, రెండు చార్జీలుంటాయి కాబట్టి రెండుసార్లు రాయాలి. చివర్లో ఒకసారి జవాబు మొహం చూడు. ఒక్కో కూలుమ్ ఉన్న రెండు చార్జీల్ని మీటరు దూరంలో పెడితే వాటి మధ్య బలం 9×10⁹ న్యూటన్లు, అంటే దాదాపు 9 లక్షల టన్నుల బరువుతో సమానం. అందుకే పుస్తకాల్లో చార్జీలన్నీ మైక్రోల్లో, నానోల్లో ఉంటాయి. మైక్రో కూలుమ్‌ల లెక్కలో నీకు కోట్ల న్యూటన్లు వస్తే, ఆగి వెనక్కి వెళ్లు. నీటిలో అని ఇస్తే బలం దాదాపు 80వ వంతుకి పడిపోతుందని కూడా గుర్తుంచుకో, ఆ ఒక్క మాట చదవకుండా దాటేసేవాళ్లని ఎంతమందిని చూశానో.

ఈ నియమం కనిపెట్టినాయన ఎలాంటివాడో తెలుసా? చార్లెస్ కూలుమ్ ఫ్రాన్స్ సైన్యంలో ఇంజినీరు. వెస్టిండీస్‌లో మార్టినిక్ దీవిలో చాలా ఏళ్లుండి కోట కట్టించిన మనిషి. 1785లో ఒక గాజు పాత్రలో సన్నటి వెండి తీగకి పుల్ల వేలాడదీసి, దాని కొసన బెండు ఉండ పెట్టి, దానికీ పక్కనే కదలకుండా ఉన్న ఇంకో ఉండకీ చార్జి ఇచ్చి, అవి నెట్టుకుంటుంటే తీగ ఎంత మెలి తిరిగిందో కొలిచాడు. మొదటి నివేదికలో ఆయన అచ్చువేసిన కొలతలు మూడంటే మూడే. ఉండల మధ్య 36 డిగ్రీల ఎడం ఉన్నప్పుడు తీగ మెలిక 36. ఎడం 18కి తగ్గించాలంటే మెలిక 144 కావాల్సొచ్చింది. ఎనిమిదిన్నరకి తగ్గించాలంటే 575న్నర. దూరం సగమైతే బలం నాలుగు రెట్లు, ఇంకా సగానికి దగ్గరగా వచ్చేసరికి పదహారు రెట్లు. చివరి కొలత లెక్కకి అచ్చంగా అతకదు, ఆ అంకెని చక్కదిద్దకుండా ఉన్నదున్నట్టే వేశాడు. ఆకర్షణని కొలవడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే ఉండలు దగ్గరకొచ్చి ఒకదానికొకటి అతుక్కుపోయేవి. దానికోసం వేరే ఉపాయం వెతుక్కున్నాడు.

అంతకు కొన్నేళ్ల ముందే ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ కూడా ఈ నియమాన్ని పట్టుకున్నాడు. పట్టుకుని కాగితాల్లోనే ఉంచేసుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. మాక్స్‌వెల్ వాటిని 1879లో అచ్చువేస్తే గానీ లోకానికి తెలియలేదు. ఓపిక పట్టమంటే మరీ అంత పట్టమని కాదులే.

ఇప్పటిదాకా ఒకే గీత మీద ఉన్నాయి గనక ఎడమా కుడీతో సరిపోయింది. అసలు పరీక్ష మూలలు వచ్చినప్పుడు. మూడు భుజాలూ సమానమైన త్రిభుజం, ఒక్కో మూలలో ప్లస్ 2 మైక్రో కూలుమ్‌లు, భుజం 20 సెంటీమీటర్లు. పై మూలలో ఉన్నదాని మీద ఎంత? కింద ఉన్న ఒక్కోటీ 0.9 న్యూటన్లతో నెడుతోంది. తొందరపడేవాడు 1.8 అంటాడు. చూశావా, మళ్లీ అదే అంకె, మళ్లీ అదే తప్పు. ఎడమ మూలలోది పైకీ కుడికీ నెడుతోంది, కుడి మూలలోది పైకీ ఎడమకీ నెడుతోంది. ఒక్కో బాణాన్నీ అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని విడగొట్టు. అడ్డంగా ఒకటి కుడికి 0.45, ఇంకోటి ఎడమకి 0.45, అవి రెండూ కొట్టుకుపోయాయి. నిలువుగా ఒక్కోటీ 0.78, రెండూ పైకే. మొత్తం 1.56 న్యూటన్లు, తిన్నగా పైకి. ఒకదాని బలానికి రెండు రెట్లు కాదు, రూట్ 3 రెట్లు.

అదే బొమ్మలో కుడి మూలలోదాన్ని మైనస్ 2 చేసి చూడు. అంకెలన్నీ అవే, గుర్తు ఒక్కటే మారింది. ఇప్పుడు అది పైదాన్ని తన వైపు, అంటే కిందికీ కుడికీ లాగుతుంది. నిలువు ముక్కలు ఈసారి కొట్టుకుపోతాయి, అడ్డం ముక్కలు 0.45, 0.45 కలిసి 0.9 అవుతాయి, కుడి వైపుకి. బాణం పైనుంచి పక్కకి తిరిగిపోయింది, 1.56 కాస్తా 0.9 అయింది. అంకెలు చూసి కూడేవాడికి రెండు లెక్కలూ ఒకటే, రెంటికీ 1.8 అనే రాస్తాడు. దిక్కు చూసేవాడికి అవి రెండూ వేరు.

బాణాల మధ్య లంబకోణం ఉంటే పైథాగరస్. 0.3, 0.4 అయితే 0.5, 0.7 కాదు. ఇంకే కోణమైనా అడ్డం నిలువు ముక్కలు చెయ్యి. సైన్ ఎక్కడ, కాస్ ఎక్కడ అని బట్టీ పట్టకు. కొందరు అడ్డంగా ఉన్నదానికి ఎప్పుడూ కాసే అని నూరిపోసుకుంటారు, కోణాన్ని నిలువు గీత నుంచి ఇచ్చిన రోజున బోల్తా కొడతారు. కోణాన్ని ఆనుకుని ఉన్న ముక్కకి కాస్, ఎదురుగా ఉన్నదానికి సైన్. బొమ్మలో కోణం ఎక్కడ గీశావో చూసి పెట్టు. మళ్లీ బొమ్మ దగ్గరికే వచ్చాను, ఏం చెయ్యను, నువ్వు గియ్యవు కాబట్టి.

బొమ్మ గీస్తే ఇంకో లాభం ఉంది. ఒక్కోసారి లెక్క చేసే పనే తప్పిపోతుంది. చతురస్రం నాలుగు మూలల్లో నాలుగు ఒకేలాంటి చార్జీలు పెట్టి, సరిగ్గా మధ్యలో ఇంకోటి పెట్టి, దాని మీద బలం ఎంత అని అడుగుతారు. నువ్వు వెంటనే దూరాలు కట్టడం మొదలుపెడతావు, రూట్ 2లు రాసుకుంటూ పోతావు. ఆగి చూడు. ఎదురెదురు మూలలు ఒకదాని పని ఒకటి చెడగొడుతున్నాయి. జవాబు సున్నా, పెన్ను కదపక్కర్లేదు. అందులో ఒక మూలని ఖాళీ చేశారనుకో. మూడు బలాలు కట్టి కలపాలా? అక్కర్లేదు. నాలుగూ ఉంటే సున్నా కాబట్టి, ఇప్పుడు మిగిలింది, పోయినవాడు ఇచ్చే బలమంత, ఆ బలానికి సరిగ్గా ఎదురు దిక్కులో.

నీ కంచంలో ఉప్పు ఉంది చూశావా, అందులోనూ ఇదే లెక్క. ఉప్పు రవ్వ లోపల ఒక్కో సోడియం అయాను చుట్టూ ఆరు క్లోరిన్ అయాన్లు, అటూ ఇటూ, ముందూ వెనకా, పైనా కిందా. ఒక్కోటీ దాదాపు 0.28 నానోమీటర్ల దూరంలో ఉండి 2.9 నానో న్యూటన్లతో లాగుతోంది. చిన్న అంకె అని చులకన చెయ్యకు, ఆ సోడియం అయాను బరువు ముందు అది కొండంత బలం. అయినా అది కదలదు, ఎందుకంటే ఆరుగురూ ఎదురెదురుగా ఉన్నారు, ఫలితం సున్నా. ఎక్కడైనా ఒక క్లోరిన్ జారిపోయి ఖాళీ ఏర్పడిందనుకో, ఆ క్షణంలో మిగతావారి లాగుడు అటు కాకుండా ఎదురు వైపుకి తేలుతుంది. చతురస్రంలో ఖాళీ మూల లెక్కే ఇది. నీళ్లలో వేస్తే ఉప్పు ఎందుకు కరుగుతుందో కూడా ఇందాక చెప్పిన 80లో సగం జవాబు ఉంది.

సున్నా మాట వచ్చింది కాబట్టి, "ఎక్కడ పెడితే బలం సున్నా అవుతుంది" అని అడిగే లెక్క చెబుతాను. ప్లస్ 1, ప్లస్ 4, మధ్య దూరం 30 సెంటీమీటర్లు. రెండూ ఒకే జాతి కాబట్టి మధ్యలో ఎక్కడో రెండు నెట్టుళ్లూ ఎదురెదురవుతాయి. చిన్నదానికి దగ్గరగా, 10 సెంటీమీటర్ల దూరంలో. పెద్దదాన్నుంచి 20, అంటే రెట్టింపు దూరం, నాలుగు రెట్ల చార్జీకి సరిగ్గా సరి. ఇప్పుడు ప్లస్ 1ని మైనస్ 1 చెయ్యి. నువ్వు మళ్లీ మధ్యలోనే వెతుకుతావు, నాకు తెలుసు. మధ్యలో రెండూ ఒకే వైపుకి బలం ఇస్తాయి, సున్నా ఎలా వస్తుంది? బయటికి పోవాలి, చిన్నదాని అవతలికి, దాన్నుంచి 30 సెంటీమీటర్లు. సమీకరణం వర్గసమీకరణం కాబట్టి రెండు జవాబులిస్తుంది. ఏది పుచ్చుకోవాలో అది చెప్పదు, బాణాలు చెబుతాయి.

అలా సున్నా దొరికింది కదా అని అక్కడ చార్జీ హాయిగా కూచుంటుందనుకోకు. రెండు ధనావేశాల మధ్య ఇంకో ధనావేశాన్ని పెడితే గీత వెంట కదిపినప్పుడు వెనక్కొస్తుంది, పక్కకి ఒక వెంట్రుకవాసి కదిపితే మాత్రం పారిపోతుంది. స్థిరంగా ఉన్న చార్జీల బలాలతో మాత్రమే ఏ చార్జీనీ స్థిరంగా నిలబెట్టలేమని శామ్యూల్ ఎర్న్‌షా 1842లోనే తేల్చాడు. పరీక్షలో స్థిర సమతాస్థితా, అస్థిరమా అని అడిగితే ఈ మాట పనికొస్తుంది.

నీ బాధ నాకు తెలియనిది కాదు. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒక్కో బిట్టుకి నిమిషం ఏడు సెకన్లు. బొమ్మలు గీస్తూ కూచుంటే ఎప్పటికవుతుంది పెద్దమ్మా అంటావు. మూడు చుక్కలు పెట్టి రెండు బాణాలు గియ్యడానికి అయిదు సెకన్లు పడుతుంది. 1.8 అని వచ్చాక ఎదురుగా ఆప్షన్లలో 1.8 కనిపిస్తుంది. కనిపించేలా పెట్టేది ఎవరనుకున్నావ్? మాలాంటివాళ్లమే. పిల్లలు ఎక్కడ తొందరపడతారో తెలిసే ఆ అంకె వేస్తాం. రూట్ 3 మరిచినవాడికి ఒక ఆప్షన్, దూరాన్ని వర్గం చెయ్యనివాడికి ఒకటి, దిక్కు మరిచినవాడికి ఒకటి. నీ జవాబు ఆప్షన్లలో ఉన్నంత మాత్రాన ధైర్యం తెచ్చుకోకు. ఈఏపీసెట్‌లో అయితే తప్పుకి కోత లేదు, ఆ మార్కొక్కటే పోతుంది. జేఈఈ మెయిన్‌లో నాలుగు రాకపోవడమే కాక ఉన్నదాంట్లోంచి ఒకటి పోతుంది.

షార్ట్‌కట్ల వీడియోలు కూడా నువ్వు చూస్తావని నాకు తెలుసు. సమాన చార్జీలున్న త్రిభుజానికి రూట్ 3 అని అందులో చెబుతారు, నిజమే. చార్జీల్లో ఒకదాన్ని మార్చగానే ఆ షార్ట్‌కట్ చెల్లదని ఆ వీడియోలో చెప్పి ఉంటారు కూడా, నువ్వు అక్కడిదాకా చూసి ఉండవు. అన్నట్టు, వెయ్యి చార్జీలిచ్చి అన్నిటి మీదా బలాలు కట్టమంటే 4,99,500 జతలవుతాయి. దాన్ని నేనూ నువ్వూ చెయ్యం, కంప్యూటరుకి అప్పజెబుతాం. నేరుగా చెయ్యమంటే అదీ ఇలాగే చేస్తుంది, జతజతకీ బలం, అడ్డం ముక్క, నిలువు ముక్క, లోతు ముక్క, ఆ తర్వాతే కూడిక. అంత వేగంగా చేసేదే ఒక్క మెట్టూ దాటెయ్యడం లేదు.

మీ నాన్న నీ ఫీజుల సంగతి నీ ముందు ఎత్తడు, మీ అమ్మ తెల్లవారుజామున నీకంటే ముందు లేచి టీ పెడుతుంది. వాళ్లు నిన్ను ర్యాంకు గురించి వేధించడం లేదు, ఆ సంగతి నాకు చెప్పారు. తొందర నీ అంతట నువ్వే తెచ్చిపెట్టుకున్నావు. ఎక్కువ లెక్కలు చెయ్యాలన్న ఆశ మంచిదే. రోజుకి ఇరవై చేసి పన్నెండు తప్పు పోగొట్టేకంటే, ఎనిమిది చేసి ఎనిమిదింటికీ ఆ సున్నా తూకం వేసి చూసుకో. నెల తిరిగేసరికి నీ వేగం దానంతటదే పెరుగుతుంది, అప్పుడు ఇరవై చెయ్యి, ఎవరొద్దన్నారు.

ఇప్పుడు పెన్ను తీసుకో. చతురస్రం, భుజం 20 సెంటీమీటర్లు, నాలుగు మూలల్లోనూ ప్లస్ 2 మైక్రో కూలుమ్‌లు. ఒక మూలలోదాని మీద ఫలిత బలం కట్టు. కర్ణం అవతలి కొసన ఉన్నది ఎంత దూరంలో ఉందో చూసుకో, అది ఇచ్చే బలం పక్కవాటి బలంలో సగమే. 2.7 వస్తే మూడింటినీ ఒకేలా అనుకుని గుడ్డిగా కూడావన్నమాట, 2.25 వస్తే కర్ణం దగ్గర జాగ్రత్తపడి దిక్కు మరిచావన్నమాట. సరైన జవాబు 1.72 న్యూటన్లు, కర్ణం వెంట బయటికి. జవాబు చెప్పేశాను కదా అని వదిలెయ్యకు, బాణాలు గీసిన కాగితం పట్టుకుని రేపు సాయంత్రం రా. బాణాలు లేకపోతే మాత్రం నేను చూడను.